తెల్ల యూనిఫామా, స్క్రబ్సా: నర్సులు తేల్చుకునే ముందు చూసుకోవలసినవి

తెల్ల యూనిఫామ్ మార్చి స్క్రబ్స్, అంటే పొట్టి చేతుల వదులు చొక్కా, ప్యాంటు ఇస్తామని యాజమాన్యం చెప్పిన రోజే నర్సులు రెండు జట్లుగా విడిపోతారు. "తెలుపు తీసేస్తే మనల్ని ఎవరు గుర్తిస్తారు?" అని సీనియర్లు అంటారు. "ఈ తెలుపుతో నైట్ డ్యూటీ ఎంత కష్టమో మీకు తెలియదా మేడమ్?" అని చిన్నవాళ్లు అడుగుతారు. ఇద్దరి మాటా నిజమే. అయితే చర్చ చాలాసార్లు రంగు దగ్గరే ఆగిపోతుంది. ఏ వార్డులో వేసుకుంటారు, ఎవరు ఉతుకుతారు, డబ్బు ఎవరు పెడతారు, రోగి తన నర్సును ఎలా గుర్తుపడతాడు అన్న ప్రశ్నలు పక్కన ఉండిపోతాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రోగి మంచం పక్కన నిలబడి పనిచేసే నర్సుకు స్క్రబ్సే మేలు. కానీ ఆ స్క్రబ్స్ రంగును ఆసుపత్రిలో నర్సులకు తప్ప మరెవరికీ ఇవ్వకూడదు. ఈ షరతు పెట్టకుండా స్క్రబ్స్‌కు ఒప్పుకుంటే సీనియర్లు భయపడేదే జరుగుతుంది.

తెలుపు మీద మమకారం ఎందుకు

నర్సింగ్ పుట్టినప్పటి నుంచీ యూనిఫామ్ తెల్లగానే ఉందని చాలామంది అనుకుంటారు. కానీ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల శిక్షణాలయం మొదలైనప్పుడు విద్యార్థినులు వేసుకున్నది ముదురు రంగు గౌను, దాని మీద తెల్ల ఏప్రాన్, తలకు తెల్ల టోపీ. రోగాలకు సూక్ష్మజీవులే కారణమన్న సంగతి రుజువై, శుభ్రతకు ప్రాధాన్యం పెరిగాక, 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో నిలువెల్లా తెలుపు స్థిరపడింది. తెల్లబట్ట మీద మరక దాగదు. నీళ్లలో మరిగించినా పోవడానికి దానికి రంగే లేదు. ఆ రోజుల్లో ఇది చాలా తెలివైన ఎంపిక.

మన దగ్గరికి ఆ తెలుపు మిషన్ ఆసుపత్రులతో వచ్చింది. గుంటూరులో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిన కాలమది. పేద కుటుంబాల నుంచి, మరీ ముఖ్యంగా దళిత క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చిన ఆడపిల్లలకు చదువు, జీతం, ఊళ్లో మర్యాద నర్సింగ్ ద్వారా దక్కాయి. ఆ మర్యాద కంటికి కనిపించే రూపం తెల్ల బట్టలే. అందుకే నర్సింగ్ కాలేజీలో దీపం వెలిగించే వేడుకలో కూతురు తొలిసారి తెల్ల యూనిఫామ్‌లో ప్రమాణం చేస్తుంటే తల్లిదండ్రులు కళ్లు తుడుచుకుంటారు. ఆ ఫోటోకు పటం కట్టించి ముందుగదిలో పెట్టుకుంటారు. నలభై ఏళ్లు సర్వీసు చేసిన నర్సు "తెలుపు నా గౌరవం" అంటే దాన్ని పాతకాలపు మాటగా తీసిపారేయకూడదు. ఆమె ఆ గౌరవాన్ని చాలా ఖరీదు పెట్టి సంపాదించుకుంది.

అదే తెలుపు కొందరికి మరో విధమైన బాధ. మన సమాజంలో తెల్ల చీరను వైధవ్యంతో ముడిపెట్టారు. పెళ్లి కావలసిన పిల్ల తెల్ల చీరలో గడప దాటుతుంటే మనసు చివుక్కుమనే తల్లులు ఉన్నారు. కొత్తగా పెళ్లయిన నర్సులు ఇంటి నుంచి రంగు చీరలో వచ్చి, ఆసుపత్రిలో తెల్ల చీర కట్టుకుని, ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ మార్చుకోవడం ఒకప్పుడు మామూలు విషయం. ఇది మూఢనమ్మకమని ఎంత వాదించినా, ఆ ఇబ్బందిని రోజూ మోసేది ఆ అమ్మాయే.

ఇక నెలసరి. యూనిఫామ్ కమిటీల్లో దీని గురించి ఎవరూ నోరు విప్పరు. స్క్రబ్స్ కావాలని అడిగే చాలామంది అమ్మాయిల మనసులో మొదటి కారణం మాత్రం ఇదే. ముప్పై మంది రోగుల వార్డులో రాత్రంతా ఇద్దరే నర్సులు ఉన్నప్పుడు బాత్‌రూముకు వెళ్లడానికి కూడా తీరిక దొరకదు. మందుల ట్రాలీ తోస్తూనే తోటి నర్సును పక్కకు పిలిచి "వెనక ఒకసారి చూడు" అని అడగడం, ఆమె కళ్లతోనే ఫరవాలేదని చెప్పడం ప్రతి తెల్ల యూనిఫామ్ నర్సుకూ తెలిసిన దృశ్యం. కుర్చీలో కూర్చోవడానికి కూడా భయపడుతూ పనిచేసే మనిషి ధ్యాస మొత్తం రోగి మీద ఎలా ఉంటుంది? తెలుపును కొనసాగించాలనుకునే ఆసుపత్రి కనీసం ప్యాంటయినా ముదురు రంగులో ఇవ్వాలి. తెల్ల ట్యూనిక్ (పొడుగు చొక్కా), ముదురు నీలం ప్యాంటు కలిపి వేసుకుంటే చూడటానికి హుందాగా ఉంటుంది, సగం సమస్య తీరుతుంది.

పని చేసే వేళ

యూనిఫామ్ అసలు పరీక్ష రోగి గుండె ఆగినప్పుడు మొదలవుతుంది. సీపీఆర్ చేయాలంటే నర్సు స్టూలు ఎక్కాలి, లేదా మంచం మీద మోకాళ్లు మోపాలి. రెండు చేతులూ నిటారుగా పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కాలి. చీరలో ఉన్న నర్సు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవాలా, రోగిని పట్టుకోవాలా? మోకాళ్ల వరకే ఉన్న ఫ్రాకులో ఉన్న నర్సు స్టూలు మీద నిలబడి తన బట్టల గురించి ఆలోచించాలా? యూరిన్ బ్యాగులో ఎంత వచ్చిందో చూడటానికి మంచం పక్కన గొంతుక్కూర్చున్నా, చీర అంచు నేలను తుడుస్తుంది. పైట ఎన్ని పిన్నులు పెట్టినా సెలైన్ సీసా వేలాడే ఐవీ స్టాండుకు తగులుకుంటుంది. పైట కదలకుండా పైన కోటు వేసుకుంటే మే నెలలో ఏసీ లేని వార్డులో ఒళ్లంతా చెమట పొక్కులు. ఈ విషయంలో ప్యాంటు, పొట్టి చేతుల చొక్కాకు సాటి లేదు. అది స్క్రబ్స్ కావచ్చు, తెల్ల ట్యూనిక్ కావచ్చు.

టోపీ గురించి ఎక్కువ చెప్పను. తెరలకు తగులుతుంది, వంగితే జారుతుంది, రోజూ ఉతికేవాళ్లు అరుదు. అమెరికాలో 1970లు, 80ల్లోనే అది వార్డుల నుంచి వెళ్లిపోయింది. వేడుకల్లో పెట్టుకుంటే చాలు.

స్క్రబ్స్‌లో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి, ఎందుకంటే కొనే ముందు దీన్ని ఎవరూ పట్టించుకోరు. మార్కెట్లో దొరికే స్క్రబ్స్ చాలావరకు ఆడా మగా అందరికీ ఒకే కొలతతో కుట్టినవి. భుజాల దగ్గర జారుతూ, మెడ దగ్గర లోతుగా ఉంటాయి. కాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో గుచ్చే సన్న గొట్టం) పెట్టడానికి రోగి మీదికి వంగితే మెడ పూర్తిగా తెరుచుకుంటుంది. చున్నీ లేకుండా, తుంటి కనబడే పొట్టి చొక్కాతో పదిమంది రోగుల బంధువుల మధ్య తిరగడానికి చాలామంది నర్సులు బిడియపడతారు. ఆ బిడియాన్ని చిన్నచూపు చూడకుండా కుట్టులోనే సరిదిద్దవచ్చు. మెడను రెండు అంగుళాలు పైకి తీసుకోవాలి. చొక్కా పొడవు తొడ సగం వరకు ఉంచి పక్కల చీలికలు పెట్టాలి. గుడ్డ లోపలి బట్టలు కనిపించనంత మందంగా ఉండాలి. ఈ మాట తెల్ల ప్యాంటుకూ వర్తిస్తుంది. పల్చని తెల్ల ప్యాంటు వేసుకున్న రోజు నర్సు పడే ఇబ్బంది ముందు లోతైన మెడ చిన్న సమస్య.

జేబులు లెక్కపెట్టుకోండి. కత్తెర, మైక్రోపోర్ (చర్మానికి అతికించే టేపు) చుట్ట, టార్చి, రెండు పెన్నులు, ఫోను, చిన్న నోటుబుక్కు, శానిటైజర్ సీసా ప్రతి నర్సు దగ్గరా ఉంటాయి. ఛాతీ మీద జేబు ఒక్కటే ఉంటే వంగిన ప్రతిసారీ పెన్ను రోగి మీద పడుతుంది. చొక్కాకు కింద రెండు, ప్యాంటుకు తొడ పక్కన ఒకటి తప్పనిసరి.

మరకలు, ఉతుకు

తెలుపును సమర్థించేవాళ్ల బలమైన వాదన ఇక్కడ ఉంది. తెల్లబట్ట మీద రక్తం చుక్క పడితే వెంటనే కనిపిస్తుంది, నర్సు వెళ్లి మార్చుకుంటుంది. ముదురు నీలం మీద అదే చుక్క ఆరాక నల్లగా కలిసిపోతుంది. చూడటానికి శుభ్రంగా ఉన్న ఆ బట్టతోనే నర్సు మరో పది మంది రోగుల దగ్గరికి వెళుతుంది. స్క్రబ్స్ కొనేటప్పుడు నలుపు, ముదురు నీలం, ముదురు మెరూన్ "మురికి కనపడదు" అన్న కారణంతో ఎంచుకోవడం తప్పు. తడి కూడా కనిపించే మధ్యస్థమైన రంగు, అంటే ఆకాశ నీలం, లేత ఆకుపచ్చ, లేత ఊదా వంటివి తీసుకోవాలి. చొక్కా ఆ రంగులో ఉంచి, ప్యాంటు మాత్రం ముదురుగా తీసుకుంటే పైన చెప్పిన నెలసరి ఇబ్బందీ ఉండదు.

తెలుపును తెల్లగా ఉంచడం వేరే ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మరకలు రుద్ది, నీలిమందు పెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే సమయం నర్సు నిద్రలోంచే పోతుంది. పైగా తెలుపుకు బ్లీచింగ్ అన్నిటికీ మందు కాదు. ఐసీయూలో చేతులకు, రోగి చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు వాడతాం. అది పడిన బట్టను క్లోరిన్ బ్లీచ్‌లో వేస్తే గోధుమరంగు మరక తేలుతుంది, ఇక ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఎంత శ్రద్ధగా ఉతికినా తన తెల్ల చొక్కా చేతుల దగ్గర ఎందుకు గోధుమరంగుకు తిరుగుతోందో తెలియక, అశుభ్రంగా ఉన్నావని ఇన్‌ఛార్జ్ చేత మాటపడ్డ నర్సులు ఎందరో. అలాంటి బట్టలకు క్లోరిన్ లేని, ఆక్సిజన్ ఆధారిత బ్లీచ్ వాడాలి. రక్తపు మరకను ముందు చన్నీళ్లలోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే అది నూలులో పట్టుకుపోతుంది. బెటాడిన్ ఆరకముందే నీళ్లతో కడిగితే సులువుగా వదులుతుంది. రంగు స్క్రబ్స్ మీద హైపోక్లోరైట్ (ఆసుపత్రి శుభ్రతకు వాడే క్లోరిన్) ద్రావణం చిందితే పాలిపోయిన మచ్చలు పడతాయి, సాగే గుడ్డ అయితే క్లోరిన్‌కు దాని సాగుడు కూడా పోతుంది.

బట్టల మీద సూక్ష్మజీవులు చేరతాయన్నది నిజం. నర్సుల బట్టల వల్లే రోగులకు ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని నేరుగా రుజువు చేసిన ఆధారాలు మాత్రం లేవు. కాబట్టి "ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోసం స్క్రబ్స్" అన్న మాటను జాగ్రత్తగా వినాలి. స్క్రబ్స్ వేసుకుని ఇంటికెళ్లి, అదే బట్టలతో కూరగాయలు కొని, పిల్లలను ఎత్తుకుంటే తెల్ల యూనిఫామ్‌కూ దానికీ తేడా ఏమిటి? తేడా తెచ్చేది ఉతుకు. 60 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉతికితే దాదాపు అన్ని సూక్ష్మజీవులూ పోతాయని బ్రిటన్ ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు చెబుతాయి. మన ఇళ్లలో బట్టలు ఉతికేది కొళాయి చన్నీళ్లతో. హీటరు లేని టాప్ లోడ్ మెషీన్ ఆ వేడి ఇవ్వదు. ఇంట్లోనే ఉతకవలసి వస్తే వేడినీళ్లలో విడిగా ఉతకండి, ఎండలో ఆరేయండి, తప్పకుండా వేడిగా ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ వేడికి మిగిలిన సూక్ష్మజీవుల్లో చాలావరకు చస్తాయి. అన్నిటికంటే మంచి మార్గం ఆసుపత్రి లాండ్రీ. మంచి స్క్రబ్స్, ఆసుపత్రి లాండ్రీ, ఈ రెండింట్లో యాజమాన్యం ఒక్కటే ఇస్తానంటే లాండ్రీనే అడగమంటాను.

సూక్ష్మజీవులను చంపే ప్రత్యేక గుడ్డ అంటూ వచ్చే అమ్మకందారుల మాటలకు డబ్బు పోయకండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 మంది ఐసీయూ నర్సులతో మామూలు స్క్రబ్స్‌నూ, ఇలాంటి మందు పూసిన రెండు రకాల స్క్రబ్స్‌నూ పోల్చి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం బట్టల మీద చేరే క్రిములు తగ్గలేదు.

రోగి మిమ్మల్ని గుర్తుపట్టాలి

సీనియర్ల భయం నూటికి నూరు పాళ్లు సరైనది ఇక్కడే. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రోగులకు, వారి బంధువులకు రకరకాల నర్సు యూనిఫామ్‌ల ఫోటోలు చూపించి, 2008లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవయసు వారు తెలుపుకే వృత్తి హుందాతనం ఎక్కువని చెప్పారు. చిన్నవయసు వారికి అంత తేడా అనిపించలేదు. మన వార్డుల్లో మంచం మీద ఉండేవారిలో పెద్దవయసు వారే ఎక్కువ కదా.

స్క్రబ్స్ వచ్చిన చాలా ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, డ్యూటీ డాక్టరు, హౌస్‌కీపింగ్ సిబ్బంది అందరూ అలాంటి బట్టల్లోనే తిరుగుతారు. మత్తు దిగుతున్న ముసలాయన ఎదురుగా వచ్చిన ప్రతి ఒక్కరినీ "సిస్టర్, నొప్పి" అంటాడు. ఎక్స్‌రే తీసే అమ్మాయికి ఆ నొప్పి గురించి ఏమీ తెలియదు, అసలు నర్సుకు ఆ కబురు అందదు. గుర్తింపు అంటే నర్సు పరువుకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకోవద్దు. సాయం అందవలసిన వేళకు అందడానికి అది కావాలి.

అందుకే నర్సులకు ఒకే రంగు, అది మరెవరికీ ఉండకూడదు, ఏ రంగు ఎవరిదో చూపే బోర్డు ప్రతి వార్డు గుమ్మం దగ్గరా ఉండాలి. దాంతో పాటు పేరు బిళ్ల. అమెరికా ఆసుపత్రుల్లో గుర్తింపు కార్డు కింద హోదాను పెద్ద అక్షరాలతో చూపే పట్టీ వేలాడుతుంది. మన దగ్గర "నర్సింగ్ ఆఫీసర్" అని తెలుగులో, నాలుగడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాయించాలి. మెడలో వేలాడే కార్డు తిరగబడుతుంది, రోగి మొహానికి తగులుతుంది. చొక్కాకు గుచ్చే బిళ్ల అయితే నయం.

మగ నర్సుల మాట కూడా వినాలి. తెల్ల ప్యాంటు చొక్కాలో ఉంటే కొందరు కాంపౌండర్ అంటారు, ఇంకొందరు డాక్టరనుకుని జబ్బు వివరాలన్నీ చెబుతారు. ఆడవాళ్లతో సమానంగా ఒకే రంగు స్క్రబ్స్ వేసుకుంటే వాళ్లనూ నర్సులుగానే చూస్తారు.

ఎక్కడ ఏది

ఆపరేషన్ థియేటర్‌లో తెలుపుకు చోటు లేదు. ప్రకాశవంతమైన దీపాల కింద తెలుపు కళ్లను అలసిపోయేలా చేస్తుంది. రక్తపు ఎరుపును గంటల తరబడి చూసిన కళ్లకు ఆకుపచ్చ, నీలం విశ్రాంతి ఇస్తాయి. అయితే ఆ స్క్రబ్స్‌తో క్యాంటీనుకు రాకూడదు. ఐసీయూ, క్యాజువాల్టీ, డయాలిసిస్, లేబర్ రూంలలో స్క్రబ్స్ తప్ప మరో ఆలోచన అనవసరం. ఉమ్మనీరు, రక్తం, వాంతి మీద పడే చోట ఆసుపత్రిలోనే మార్చుకుని, అక్కడే విడిచి ఇంటికెళ్లే ఏర్పాటు కావాలి. అంటే లాకర్లు, తలుపుకు గడియ ఉన్న గది. ఇవి లేకుండా స్క్రబ్స్ ఇస్తే సగం పనే అయినట్టు.

ఒకే రంగు నియమానికి మినహాయింపుగా పిల్లల వార్డుకు రంగులు, బొమ్మలు ఉన్న చొక్కాలు ఇవ్వండి. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలోని మేయర్ పిల్లల ఆసుపత్రిలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో తెలుపు కంటే రంగురంగుల దుస్తుల్లోని నర్సులకే పిల్లలూ తల్లిదండ్రులూ ఎక్కువ దగ్గరయ్యారు. సూది చూసి ఏడ్చే పిల్లవాడికి నర్సు జేబు మీద కోతిబొమ్మ కనిపించడం మంచిదే.

ఓపీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఇళ్లకు వెళ్లి చేసే పనుల్లో తెలుపు ఇంకా చాలా ఉపయోగం. ఊళ్లో తెల్ల బట్టలు కనిపించగానే "నర్సమ్మ వచ్చింది" అని గుమ్మంలోకి వస్తారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సీనియర్లను చీర, కోటులోనే ఉండనివ్వండి. వాళ్లు ఎక్కువగా చూసేది పర్యవేక్షణ పనే, చివరి రెండేళ్ల కోసం బలవంతంగా ప్యాంటు వేయించడం అమర్యాద. విద్యార్థులకు దీపం వెలిగించే వేడుకకు తెలుపు, వార్డు పోస్టింగులకు స్క్రబ్స్ ఉంటే తల్లిదండ్రుల మీద ఖర్చూ తగ్గుతుంది, ఆ తెలుపు విలువా నిలుస్తుంది.

బ్రిటన్ వెళ్లే ఆలోచన ఉన్నవారికి ఒక మాట. అక్కడ 2007 నుంచి మోచేతుల కింద ఏమీ ఉండకూడదన్న నియమం ఉంది. గడియారం, గాజులు వద్దు, రాయి లేని సాదా ఉంగరం ఒక్కటే. వాచీ చొక్కాకు గుచ్చుకుంటారు. చేతులు మణికట్టు దాకా సరిగ్గా కడగాలంటే ఇది అవసరం. యూనిఫామ్ ఏదైనా ఇక్కడా పొట్టి చేతులు, గాజులు లేని చేతులు అలవాటు చేసుకోవడం మంచిది. మంగళసూత్రం చొక్కా లోపలికి వేసుకోండి.

ఖర్చు, ఆర్డరు

కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడవ వేతన సంఘం తర్వాత 2017లో నర్సులకు నెలకు 1,800 రూపాయల దుస్తుల భత్యం నిర్ణయించారు. ప్రైవేటులో మాత్రం యూనిఫామ్ డబ్బు జీతంలోంచి కోసుకునే చోట్లు చాలా ఉన్నాయి. మార్పు యాజమాన్యం కోరుకున్నదైతే మొదటి జతలు వాళ్లే ఇవ్వాలని రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో ఉతుక్కునే వాళ్లకు వానాకాలంలో నాలుగు జతలకు తక్కువైతే గడవదు. గుడ్డ విషయంలో మూడింట రెండు వంతులు పాలియెస్టర్, ఒక వంతు నూలు కలిసినది త్వరగా ఆరుతుంది, ముడతపడదు. ఏసీ లేని వార్డుల వాళ్లకు నూలు పాలు ఎక్కువుంటేనే సుఖం.

నమూనా జతలు కుట్టించి ఒక ఐసీయూ నర్సుకు, ఒక జనరల్ వార్డు నర్సుకు, ఒక మగ నర్సుకు, గర్భవతిగా ఉన్న నర్సుకు ఒకటి ఇవ్వండి. నెల రోజులు వేసుకుని, ఆసుపత్రిలో మామూలుగా ఉతికే పద్ధతిలోనే ఉతికించమనండి. నడుము నాడా లోపలికి పోయిందా, మోకాళ్ల దగ్గర రంగు వెలిసిందా, జేబు మూలలు చిరిగాయా, వంగినప్పుడు మెడ ఎక్కడిదాకా తెరుచుకుంది అని నలుగురినీ విడివిడిగా అడిగి రాసుకోండి. కుట్టేవాళ్ల చేత ఆ లోపాలన్నీ సరిచేయించాక మిగతా జతలకు ఆర్డరు ఇవ్వండి.